పైది కిందికి, కిందది పైకి

"మైనస్ ఘాతాంకం పైనుంటే కిందికి దించు, కిందనుంటే పైకి ఎక్కించు, గుర్తు మార్చు. అంతే." ఎనిమిదో తరగతి ఘాతాంకాల పాఠం చాలాచోట్ల ఈ మూడు ముక్కలతో ముగిసిపోతుంది. ట్యూషన్ మాస్టారు ఇదే చెబుతారు. గైడ్‌లో దీన్నే పెట్టె కట్టి అచ్చు వేస్తారు. యూట్యూబ్ వీడియోలో దీనికే బాణం గుర్తులు గీస్తారు. ఇంట్లో అమ్మానాన్నల్ని అడిగినా ఇదే మాట వినిపిస్తుంది, వాళ్ళకి వాళ్ళ మాస్టారు చెప్పిందీ ఇదే కాబట్టి.

ఈ చిట్కా వెనక ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. రుణ ఘాతాంకమనేది గణిత పండితులు తమ సౌకర్యానికి పెట్టుకున్న ఏర్పాటు. దానికి అర్థం వెతకడం వృథా. అది కనబడిన వెంటనే ధన ఘాతాంకంగా మార్చేస్తే పని అయిపోతుంది. పిల్లవాడికి అంతకు మించి అక్కర్లేదు. అక్షరం ముక్క తెలియనివాళ్ళు అంటే సరే అనుకోవచ్చు. లెక్కలు చెప్పేవాళ్ళే ఇలా అంటుంటే ఊరుకోవడం కష్టం. చిట్కా అబద్ధమని నేననను. సరిగ్గా వాడితే సరైన జవాబే వస్తుంది. నా పేచీ అంతా దాన్ని పాఠం కూర్చోవలసిన పీట మీద కూర్చోబెట్టడంతోనే.

భాగహారం దగ్గర మొదలుపెడదాం, రుణ ఘాతాంకానికి పుట్టిల్లు అదే. 2⁵ ను 2³ తో భాగించండి. లవంలో అయిదు రెండ్లు, హారంలో మూడు రెండ్లు. మూడుకి మూడు కొట్టేస్తే పైన రెండు రెండ్లు మిగులుతాయి. 2², అంటే 4. భూమి (బేస్) ఒకటే అయినప్పుడు పై ఘాతాంకంలోంచి కింది ఘాతాంకాన్ని తీసేయమనే న్యాయంలో ఉన్నదంతా ఇదే: ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి అన్న లెక్క. ఇప్పుడు తిరగేసి 2³ ను 2⁵ తో భాగించండి. ఈసారీ మూడుకి మూడు పోతాయి. మిగిలిన రెండు రెండ్లు హారంలో ఉంటాయి, విలువ 1/4. అదే న్యాయాన్ని అడిగితే 3 − 5 = −2 అంటుంది. మిగిలినవి రెండేనని, అవి భాగించే వైపున మిగిలాయని చెప్పడానికే ఆ మైనస్. పిల్లవాడు దాన్ని చూసి బెదరాల్సిన పనేముంది?

సరిగ్గా ఇక్కడే మన బోధన దారి తప్పుతుంది. మొదటిసారి ఈ న్యాయం చెప్పేటప్పుడు దాన్ని రెండు ముక్కలు చేస్తారు. పై ఘాతాంకం పెద్దదైతే ఒక సూత్రం, కింది ఘాతాంకం పెద్దదైతే ఒకటి కింద వేసి రాసే మరో సూత్రం. అప్పటికి పిల్లలకి రుణ ఘాతాంకాలు రాలేదు కదా, అందుకని ఈ జాగ్రత్త అంటారు. జాగ్రత్త బాగానే ఉంది. మరుసటి ఏడు రుణ ఘాతాంకం వచ్చాకైనా ఆ రెండు ముక్కల్నీ కలిపి, నిన్న రెండనుకున్నది ఒకటేనని చెప్పాలా వద్దా? చెప్పరు. దాన్ని మూడో సూత్రంగా తగిలిస్తారు. ఒక్క తీసివేతతో పోయే పనికి పిల్లవాడి బుర్రలో మూడు పెట్టెలు తయారవుతాయి. పరీక్ష రోజున ఏ పెట్టె తెరవాలో తెలియక వాడు తికమకపడితే "బేసిక్స్ లేవు" అని తల్లిదండ్రులకి కబురు వెళుతుంది.

తరగతిలో తెలివైన పిల్ల ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "సార్, రెండుని మూడుసార్లు వేసి గుణిస్తే ఎనిమిది. మరి మైనస్ మూడుసార్లు వేసి గుణించడమంటే ఏంటి సార్?" చాలా మంచి ప్రశ్న. దానికి అలవాటుగా వచ్చే జవాబు, "అది నిర్వచనమమ్మా, రాసుకో." ఇందులో సగం నిజం ఉంది. అది నిర్వచనమే, ఎవరూ నిరూపించేది కాదు. కానీ నిర్వచనం కాబట్టి కారణం అడగకూడదనడం ఏ తర్కం? 2⁻³ అంటే −8 అని పెట్టుకుందాం, చాలామంది పిల్లల మొదటి ఊహ కూడా అదే. అప్పుడు 2³ × 2⁻³ విలువ −64 అవుతుంది. ఘాతాంకాల్ని కూడితే మాత్రం 2⁰, అంటే 1 రావాలి. న్యాయం కూలిపోయింది. 2⁻³ ని సున్నా అనుకున్నా అంతే, లబ్ధం సున్నా అవుతుంది. న్యాయం నిలబడాలంటే 2³ తో గుణించినప్పుడు 1 ఇచ్చే సంఖ్యే కావాలి, అది 1/8 ఒక్కటే. పేరు పెట్టే స్వేచ్ఛ మనది. ఏ పేరు పెట్టినా లెక్క నిలవాలంటే ఉన్న దారి అదొక్కటే. దీన్ని నల్లబల్ల మీద చూపించడానికి అయిదు నిమిషాలు చాలు. 8, 4, 2, 1 అని రాసి, పైన 3, 2, 1, 0 వేసి, తరవాతేమొస్తుందని అడిగితే తరగతిలో సగం మంది 1/2 అంటారు, దాని పైన −1 వాళ్ళే వేస్తారు.

గణిత పండితుల సౌకర్యం అన్న వాదానికి చరిత్ర కూడా సాక్ష్యం పలకదు. ఈ ఆలోచన వచ్చిన ప్రతిచోటా అది భాగహారం వేలు పట్టుకునే వచ్చింది. క్రీ.శ. 816లో పూర్తయిన 'ధవళ' టీకలో జైన పండితుడు వీరసేనుడు అర్ధచ్ఛేదమనే లెక్క వాడాడు. ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేస్తే ఒకటికి చేరతామో అది దాని అర్ధచ్ఛేదం. 32కి 5, 8కి 3. భాజ్యం అర్ధచ్ఛేదాల్లోంచి భాజకం అర్ధచ్ఛేదాలు తీసేస్తే భాగఫలానివి వస్తాయని ఆయన నియమం. మన ఎనిమిదో తరగతి న్యాయం ఇదే కదా. పన్నెండో శతాబ్దంలో బాగ్దాద్‌లో పుట్టిన అల్ సమావల్ 'అల్ బాహిర్' అనే గ్రంథంలో ఒక పట్టిక గీశాడు. మధ్యలో 1, ఒక పక్కన ఘాతాలు, రెండో పక్కన వాటి గుణకార విలోమాలు. గుణించాలన్నా భాగించాలన్నా పట్టికలో గళ్ళు లెక్కపెట్టుకుంటూ ఇటో అటో జరగడమే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది నికొలా షుకే కథ. ఫ్రాన్సులో వైద్యుడు. 1484లో రాసిన చేతిరాత పుస్తకంలో, తెలియని రాశి మొదటి ఘాతం 72 ను అదే రాశి మూడో ఘాతం 8 తో భాగించాడు. 72ని 8తో భాగిస్తే 9. ఘాతాంకాలు 1లోంచి 3 పోతే −2. జవాబు 9, దాని నెత్తిన "2 తక్కువ" అని గుర్తు. ఆయన దాన్ని కిందికి దించలేదు, ధనంగా మార్చలేదు. అదే జవాబు, అదే ముగింపు. ఆ పుస్తకం 1880 దాకా అచ్చుకి నోచుకోలేదు. అయినా ఆలోచన ఆగలేదు. 1544లో జర్మన్ పండితుడు మైకేల్ స్టీఫెల్ తన గ్రంథంలో పై వరసలో −3 నుంచి 6 దాకా, కింది వరసలో 1/8 నుంచి 64 దాకా వేసి, పై వరసలో తీసివేత కింది వరసలో భాగహారమని చెప్పాడు. 1676లో న్యూటన్ ఓల్డెన్‌బర్గ్ అనే ఆయనకి రాసిన ఉత్తరంలో, ఒకటి కింద రాశిని వేసే చోట తాను ఆ రాశి నెత్తిన మైనస్ ఒకటి వేస్తానని వివరించాడు. దిశ గమనించండి. వీళ్ళంతా భిన్నం నుంచి రుణ ఘాతాంకం వైపు నడిచారు, అటు వెళితే లెక్క తేలికవుతుంది కాబట్టి. మనం పిల్లల్ని వెనక్కి నడిపిస్తున్నాం.

ఇదంతా పండితుల గోల, మామూలు జనానికి రుణ ఘాతాంకంతో పనేమిటంటారా? 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా మన తాతలు, అమ్మమ్మలు బొడ్లో దోపుకు తిరిగింది వాటినే. రూపాయిలో సగం అర్ధరూపాయి, అందులో సగం పావలా, అందులో సగం బేడ, అందులో సగం అణా, అందులో సగం అర్ధణా, అందులో సగం కానీ. రూపాయిని 1 అనుకుంటే ఇవి వరసగా 2⁻¹, 2⁻², 2⁻³, 2⁻⁴, 2⁻⁵, 2⁻⁶. పావలాకి ఎన్ని కానీలు? 2⁻² ను 2⁻⁶ తో భాగించాలి. −2 − (−6) = 4. జవాబు 2⁴, అంటే 16. కొట్టాయన ఘాతాంకం పేరు విని ఉండడు. పావలా నుంచి కానీ దాకా నాలుగుసార్లు సగం చేయాలని మాత్రం ఆయనకి తెలుసు. కింద ఉన్న మైనస్ ఆరుని తీసేయడమంటే ఆ మెట్లు లెక్కపెట్టడమే. పైగా ఇందులోనే భూమి ఒకటే కావాలన్న షరతు కూడా దొరుకుతుంది. పై అనే నాణెం కానీలో మూడో వంతు, రూపాయిలో 192వ వంతు. అది ఈ సగాల వరసలో ఎక్కడా ఇమడదు, దాంట్లో మూడు చొరబడింది. షరతు ఎందుకు పెట్టారో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టలేదు.

ఇక చిట్కా వల్ల జరిగే నష్టం చూద్దాం. ఇది ఊహించిన నష్టం కాదు, ఏ తరగతిలోనైనా జవాబు పత్రాలు తిరగేస్తే కనబడేదే. 3 × 2⁻⁴ ఇవ్వండి. "మైనస్ ఉంది, దించు" అని నేర్చిన పిల్లవాడు మూడుని కూడా కట్టగట్టి కిందికి దించి 1/48 అంటాడు. రావలసింది 3/16. ఇంకొకటి: హారంలో 2⁻¹ + 3⁻¹ ఉంది, లవంలో 1. కిందున్నవి పైకి ఎక్కించి గుర్తు మార్చి 2 + 3 = 5 అంటాడు. రావలసింది 6/5. చిట్కా గుణకారంలో ఉన్న కారణాంకాలకే పనికొస్తుంది, కూడికలో పనికిరాదు. ఆ సంగతి చిట్కాలో లేదు. 2⁻¹ అంటే సగం, 3⁻¹ అంటే మూడో వంతు అని తెలిసిన పిల్లవాడు ఈ రెండు తప్పులూ చేయలేడు. సగం, మూడో వంతు కలిస్తే ఒకటి లోపే ఉంటుంది; ఒకటిని దానితో భాగిస్తే ఒకటికి కాస్త ఎక్కువ రావాలి. అయిదు ఎక్కడినుంచి వస్తుంది?

ఈ "ఎంత ఉండాలి" అన్న అంచనా పోవడమే అసలు నష్టం. ప్రోటాన్ ద్రవ్యరాశి 1.6726 × 10⁻²⁷ కిలోలు, ఎలక్ట్రాన్‌ది 9.1094 × 10⁻³¹ కిలోలు. ప్రోటాన్ ఎన్ని రెట్లు బరువు? 1.6726ని 9.1094తో భాగిస్తే సుమారు 0.1836. ఘాతాంకాలు −27 − (−31) = 4. మొత్తం 1836 రెట్లు. తీసివేతలో కుండలీకరణాలు మరిచిన పిల్లవాడికి −27 − 31 = −58 వస్తుంది. అంటే ప్రోటాన్ ఎలక్ట్రాన్‌లో ఆవగింజంత కూడా లేదని వాడు రాస్తున్నాడు. తప్పు చేయడం పెద్ద నేరం కాదు, ఎవరైనా చేస్తారు. వాడు ఆ −58ని చూసి కూడా ఉలిక్కిపడకపోవడం మన బోధన చేసిన నేరం. 10⁻²⁷, 10⁻³¹ రెండింటిలో ఏది పెద్దదో వాడినెవరూ అడగలేదు. అడిగి ఉంటే 31 పెద్దదంటాడు, సందేహం లేదు.

పాఠశాల దాటి మందుల డబ్బా తెరవండి. థైరాయిడ్ మాత్ర మీద 100 మైక్రోగ్రాములని ఉంటుంది, జ్వరం మాత్ర మీద 500 మిల్లీగ్రాములని. అంకెలు మాత్రమే చూసేవాళ్ళకి అయిదు రెట్ల తేడాలా కనిపిస్తుంది. గ్రాముల్లో రాస్తే 5 × 10⁻¹ ను 10⁻⁴ తో భాగించాలి, −1 − (−4) = 3, తేడా 5000 రెట్లు. నిమ్మరసం పీహెచ్ 2, శుద్ధజలం పీహెచ్ 7 అనుకుంటే హైడ్రోజన్ అయాన్ల గాఢత 10⁻², 10⁻⁷. భాగిస్తే 10⁵, అంటే లక్ష రెట్లు. రసాయన శాస్త్రం టీచరుగారు పీహెచ్ చెప్పడానికి తంటాలు పడుతున్నారంటే కారణం చాలాసార్లు పక్క గదిలో జరిగిన లెక్కల క్లాసులో ఉంటుంది.

"ధన ఘాతాంకాలతో రాయండి" అని ప్రశ్నపత్రాల్లో కనబడే ఆదేశం మీద నాకు ప్రత్యేకంగా కోపం. అభ్యాసానికి ఒకటి రెండు లెక్కలు అలా ఇస్తే ఇబ్బంది లేదు. ప్రతి లెక్క తోకకీ అది తగిలిస్తే పిల్లలకి అందే సందేశం ఒకటే: మైనస్ ఉన్న జవాబు పూర్తికాని జవాబు, మార్కు పోతుంది. ఆ పిల్లలే ఇంటర్మీడియట్‌కి వెళ్ళి భౌతికశాస్త్రం పుస్తకం తెరిస్తే త్వరణం ప్రమాణం మీటర్ సెకన్⁻² అని ఉంటుంది. వేగం మీటర్ సెకన్⁻¹; దాన్ని సెకన్లతో భాగిస్తే −1 − 1 = −2. ఒకే భూమి, రుణ ఘాతాంకం, భాగహారం, అన్నీ అందులోనే ఉన్నాయి. అక్కడెవరూ దించమనరు, ఎక్కించమనరు. అన్నాళ్ళూ తప్పన్నది ఉన్నట్టుండి ఒప్పెలా అయిందో పిల్లలకి ఎవరూ చెప్పరు.

చిట్కా పక్షాన గట్టిగా వినబడే వాదం పోటీ పరీక్షలు. ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నిమిషం చిల్లర. అర్థాలు ఆలోచిస్తూ కూర్చుంటే ర్యాంకు పోతుందంటారు. సరే, వేగం సంగతే చూద్దాం. 10⁻²⁷ ను 10⁻³¹ తో భాగించడానికి చిట్కా ప్రకారం ముందు రెండింటినీ తారుమారు చేయాలి, రెండు గుర్తులు మార్చాలి, ఆ తరవాత 31లోంచి 27 తీసేయాలి. ఎలాగూ చివర్లో తీసివేత తప్పలేదు! మొదటే తీసేసినవాడు అప్పటికి తరవాతి ప్రశ్నలో ఉంటాడు. మైనస్ మైనస్ ప్లస్ అవుతుందని ఆరు, ఏడు తరగతుల్లో పూర్ణసంఖ్యల పాఠంలో నేర్చుకున్నదే కదా, ఇక్కడ దాన్ని వాడుకోవడానికి భయమెందుకు? వేగం కోసం చిట్కా అనేవాళ్ళు గడియారం పెట్టి చూసినట్టు లేదు. పైగా ఇచ్చిన నాలుగు ఐచ్ఛికాల్లో మూడింటిని పరిమాణం చూసి కొట్టేయగలగడం వేగంలోకి రాదా?

ఇంకో వాదం ఉంది, అది నిజాయితీగా చేసేది. ప్రభుత్వ బడిలో నలభై యాభై మందికి ఒక్కరే చెప్పాలి, భిన్నాలే సరిగా రాని పిల్లలుంటారు, వాళ్ళని గట్టెక్కించడానికి చిట్కా ఒక ఆసరా అంటారు కొందరు ఉపాధ్యాయులు. వాళ్ళ కష్టం నాకు తెలుసు, దాన్ని తీసిపారేయను. కానీ భిన్నాలు రాని పిల్లవాడికి పైకి కిందికి మార్చమనే చిట్కా ఏ ఆసరా ఇస్తుంది? చిట్కా చివర చేతికొచ్చేది భిన్నమే. వాడికి పనికొచ్చేది 8, 4, 2, 1, 1/2, 1/4 వరస. అందులో భిన్నమూ వస్తుంది, ఘాతాంకమూ వస్తుంది, భాగహారమూ వస్తుంది. బలహీనుడైన విద్యార్థి పేరు చెప్పి వాడికి అర్థం కాకుండా చేయడం మేలు కాదు.

చిట్కాని నిషేధించమని అడగడం లేదు. వరస వచ్చాక, తీసివేత వచ్చాక, పిల్లలు తమంతట తామే దాన్ని కనిపెడతారు. అలా కనిపెట్టినది ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో కూడా వాళ్ళకి తెలిసే ఉంటుంది. నేనడిగేవి రెండే. లెక్కల ఉపాధ్యాయులు ఏడో తరగతిలో చీల్చిన రెండు సూత్రాల్ని ఎనిమిదో తరగతిలో ఒకే తీసివేతగా కలిపి చూపించండి. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు "ధన ఘాతాంకాలతో రాయండి" అన్న తోక కత్తిరించి, దాని చోట "ఎన్ని రెట్లు?" అని అడగండి.

తల్లిదండ్రులకో మాట. మీ ఇంట్లో ఘాతాంకాల పాఠం అయిపోయిన పిల్లలుంటే 2⁻³ పెద్దదా, 2⁻⁵ పెద్దదా, ఎన్ని రెట్లు అని అడిగి చూడండి. కాగితం తీసి పైకి కిందికి మార్చడం మొదలుపెడితే, ఆ పాఠం వాళ్ళకి ఇంకా ఎవరూ చెప్పలేదని అర్థం. వెళ్ళి మాస్టారిని అడగండి.